ఎండల్లో పిల్లలతో పార్కు యాత్రలు: టిక్కెట్టు కన్నా పసిప్రాణం ముఖ్యం

బడులకు వేసవి సెలవులు ఇచ్చారంటే ఉమ్మడి నల్లగొండ జిల్లా పల్లెల్లో కొత్త సందడి మొదలవుతోంది. వెనుకటి రోజుల్లో సెలవులంటే అమ్మమ్మగారి ఊరు, మామిడితోట, చెరువుగట్టు. ఇప్పుడు వాటితో పాటు హైదరాబాద్ పార్కులు కూడా పిల్లల నోట వినబడుతున్నాయి. విజయవాడ రహదారి మీద అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర 1996లో రామోజీ ఫిల్మ్ సిటీ వెలిసింది. రావిర్యాల వద్ద 2016లో వండర్‌లా తెరిచారు. నెహ్రూ జూ పార్కు 1963 నుంచి ఉన్నదే. 2023 డిసెంబర్ 9న తెలంగాణలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలయ్యాక తల్లులు పిల్లల్ని వెంటబెట్టుకుని పట్నం పోయి రావడం తేలికయింది. యాసంగి వడ్లు కాంటా అయి, ఇంట్లో నాలుగు డబ్బులు కనబడేది కూడా ఆ రోజుల్లోనే. వాడకట్టు వాళ్లంతా కలిసి ఒక వ్యాను మాట్లాడుకుని, పులిహోర కలుపుకుని, పిల్లాజెల్లాతో బయలుదేరుతున్నారు.

ఇందులో తప్పేమీ లేదు. పల్లెటూరి వాళ్లకు పార్కులెందుకు, ఆ డబ్బుతో ఎరువు బస్తాలు వస్తాయి కదా అని వెక్కిరించే పెద్దలు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. ఆ మాట న్యాయం కాదు. ఏడాది పొడుగునా పొలం పనుల్లో, కూలి పనుల్లో నలిగే తల్లిదండ్రులకు పిల్లల ముఖంలో ఒకరోజు నవ్వు చూడాలన్న కోరిక ఉండడం సహజం. పట్నం పిల్లలు ఎక్కే రంగులరాట్నం పల్లె పిల్లలు ఎక్కకూడదన్న నియమం ఎక్కడా లేదు. అయితే ఆలోచించవలసిన విషయం మరొకటి ఉంది. వెళ్లే నెల ఏది, అక్కడ తిరిగే వేళ ఏది అన్నదే ఆ విషయం.

ఎద్దును కట్టేసే వేళ

ఎండ సంగతి పల్లెటూరికి ఒకరు చెప్పవలసిన అవసరం లేదు. వేసవిలో దుక్కి దున్నే రైతు తెల్లవారక ముందే పొలంలో ఉంటాడు. పదీ పదకొండు గంటలయ్యేసరికి ఎద్దుల్ని విప్పి చెట్టు కింద కడతాడు. కూలికి వెళ్లే ఆడవాళ్లు సద్ది కట్టుకుని పొద్దున్నే పోయి, ఎండ ముదరక ముందే ఇల్లు చేరతారు. మేకల కాపరి కూడా మిట్ట మధ్యాహ్నం మందను నీడకు తోలుతాడు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న సామెత పుట్టింది ఈ పల్లెల్లోనే.

అటువంటి పల్లెటూరి మనిషి పార్కుకు బయలుదేరే రోజున మాత్రం ఆ లెక్కంతా మరచిపోతున్నాడు. పొద్దున వంటలు అయ్యేసరికి ఏడు దాటుతుంది. సూర్యాపేట నుంచి హైదరాబాద్ దాదాపు 135 కిలోమీటర్లు. నల్లగొండ నుంచి సుమారు 100 కిలోమీటర్లు. దారిలో టీకి, టిఫినుకు ఆగి, పార్కు గేటు చేరి, టిక్కెట్లు తీసుకుని లోపలికి అడుగుపెట్టేసరికి పదకొండు అవుతుంది. అక్కడి నుంచి సాయంత్రం నాలుగు దాకా కాంక్రీటు బాటల మీద, వరుసల్లో, ఎండలో తిరుగుడు. అంటే ఎద్దుల్ని నీడకు కట్టేసే వేళకు పిల్లల్ని ఎండలోకి వదులుతున్నారన్నమాట.

జూ పార్కు విషయంలో ఈ తేడా మరీ స్పష్టంగా కనబడుతుంది. వేసవి వచ్చిందంటే నెహ్రూ జూలో జంతువులకు కూలర్లు పెడతారు, నీళ్లు చిమ్మే యంత్రాలు అమరుస్తారు, పుచ్చకాయ ముక్కలు వేస్తారు. మధ్యాహ్నం వేళ పులీ, సింహం నీడన పడుకుని కదలవు. వాటిని చూడడానికి వచ్చిన నాలుగేళ్ల పిల్లవాడు మాత్రం 380 ఎకరాల ఆవరణలో నెత్తిన గుడ్డ కూడా లేకుండా నడుస్తుంటాడు. పైగా పులి లేవడం లేదని పెద్దలు విసుక్కుంటారు.

పసివాళ్ల ఒంటి తీరు వేరు

పెద్దలకు లేని బాధ పిల్లలకేమిటని కొందరు అంటుంటారు. డాక్టర్లు చెప్పేది అందుకు భిన్నం. పిల్లల బరువుతో పోలిస్తే ఒంటి పై చర్మం ఎక్కువ. అందువల్ల బయటి వేడి వాళ్ల ఒంట్లోకి తొందరగా చేరుతుంది. చెమట పట్టి ఒళ్లు చల్లబడే శక్తి పెద్దలకు ఉన్నంతగా వాళ్లకు ఉండదు. అన్నిటికీ మించి, ఆటలో పడిన పిల్లవాడికి దాహం గుర్తుండదు. నోరు తెరిచి నీళ్లు అడిగేసరికే ఒంట్లో నీరు తగ్గిపోయి ఉంటుంది. చంకలోని పసిబిడ్డ అయితే అడగనే లేదు, ఏడవడం తప్ప.

పత్రికల్లో వచ్చే ఉష్ణోగ్రత అంకెను కూడా సరిగా అర్థం చేసుకోవాలి. వాతావరణ శాఖ వాళ్లు వేడిని కొలిచేది ఎండలో కాదు. నేలకు దాదాపు నాలుగడుగుల ఎత్తున, గాలి ఆడే తెల్లటి చెక్కపెట్టెలో, నీడన ఉంచిన థర్మామీటరుతో కొలుస్తారు. కాబట్టి 43 డిగ్రీలు అంటే అది నీడలోని లెక్క. ఎండలో నిలబడిన మనిషికి తగిలే వేడి అంతకన్నా ఎక్కువ. తారు బాట, సిమెంటు నేల, ఇనుప కమ్మీ ఇంకా కాలిపోతుంటాయి. మూడేళ్ల పిల్ల ఎత్తు మూడడుగులే. నేల సెగ పెద్దవాళ్ల ముఖం కన్నా ఆ పిల్ల ముఖానికే దగ్గర.

ఇది ఊరికే భయపెట్టే మాట కాదు. 2015 వేసవిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లో కలిపి సుమారు రెండు వేల మంది వడదెబ్బకు బలయ్యారు. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వడగాడ్పులను రాష్ట్ర విపత్తుగా ప్రకటించింది. వడదెబ్బతో చనిపోయిన వారి కుటుంబానికి 4 లక్షల రూపాయల సాయం ఇస్తామన్నది. వరద వచ్చిననాడు వాగు దాటవద్దంటే వినే జనం, ఎండ కూడా అటువంటి విపత్తేనని గుర్తించవలసి ఉంది.

"డబ్బు పెట్టాం కదా!"

అసలు చిక్కంతా టిక్కెట్టు దగ్గర ఉన్నది. నలుగురున్న కుటుంబానికి పెద్ద పార్కులో టిక్కెట్లకే కొన్ని వేలు అవుతాయి. బండి కిరాయి, తిండి ఖర్చు వేరు. కూలి చేసుకునే ఇంటికి అది చిన్న మొత్తం కాదు. అంత పెట్టాక ఒక్క ఆట కూడా వదలకూడదనిపిస్తుంది. పిల్లవాడు కాళ్లు నొప్పులంటే "ఇంకొక్కటి చూసి పోదాం" అంటారు. తల నొప్పి అంటే "ఇంత దూరం వచ్చింది ఇందుకేనా" అని కసురుతారు. వాంతి చేసుకుంటే బస్సు పడలేదనుకుంటారు. వడదెబ్బ మొదటి గుర్తులు ఇవేనన్న సంగతి ఎవరికీ తోచదు.

ఒక్క విషయం నిదానంగా ఆలోచిస్తే చాలు. గేటు దగ్గర ఇచ్చిన డబ్బు అక్కడే ఖర్చయిపోయింది. పది ఆటలు ఆడినా, నాలుగు ఆడినా అది తిరిగి రాదు. పిల్లవాడు సొమ్మసిల్లాక ఆసుపత్రిలో పెట్టే డబ్బు మాత్రం కొత్త ఖర్చు. కాబట్టి మధ్యాహ్నం రెండు మూడు గంటలు చెట్టు కిందో, పైకప్పు ఉన్న హాల్లోనో కూర్చుంటే డబ్బు దండగ అయినట్టు కాదు. బయలుదేరక ముందే ఏవి చూడాలి, ఏవి వదిలేయాలి అన్నది ఇంట్లోనే పిల్లలతో మాట్లాడుకుని తేల్చుకుంటే అక్కడ పేచీ ఉండదు. కొన్ని ఆటలకు ఎత్తు కొలత ఉంటుంది. గంటసేపు ఎండలో వరుసలో నిలబడ్డాక, ఎత్తు చాలదని పిల్లను వెనక్కి పంపితే ఆ ఏడుపు ఎవరూ ఆపలేరు. ఆ కొలత సంగతి ముందే అడిగి తెలుసుకోవాలి.

నీళ్ల ఆటల పార్కు అయితే భయం లేదనుకోవడం కూడా పొరపాటే. ఒళ్లు నీళ్లలో ఉన్నా నెత్తిన ఎండ ఉంటుంది. చల్లగా ఉన్నందువల్ల దాహం అసలే తెలియదు. ఒక కొలను నుంచి మరో కొలనుకు వట్టికాళ్లతో నడిస్తే అరికాళ్లు బొబ్బలెక్కుతాయి. గంటకోసారి పిల్లల్ని బయటికి పిలిచి నీళ్లు తాగించే మనిషి ఒకరు ఒడ్డున ఉండాలి.

తాగేనీటి మాట

పార్కుల వాళ్ల బాధ్యత కూడా తక్కువేమీ కాదు. ఈ తరహా పార్కులకు పెద్దన్న వంటిది అమెరికాలోని డిస్నీల్యాండ్. కాలిఫోర్నియా రాష్ట్రం అనహైమ్‌లో వాల్ట్ డిస్నీ దానిని 1955 జూలై 17న తెరిచాడు. ఆ రోజు ఎండ దాదాపు 38 డిగ్రీలు. అప్పుడే పోసిన తారు మెత్తబడి ఆడవాళ్ల మడమ చెప్పులు అందులో దిగబడ్డాయి. అంతకు ముందు పైపుల పనివాళ్లు సమ్మె చేసినందువల్ల మరుగుదొడ్లు, తాగేనీటి కుళాయిలు రెండూ సిద్ధం చేయడానికి వ్యవధి చాలలేదు. డిస్నీ మరుగుదొడ్లనే ఎంచుకున్నాడు. చాలా కుళాయిల్లో నీళ్లు రాలేదు. తమ చేత పానీయాలు కొనిపించడానికే ఇలా చేశారని వచ్చినవాళ్లు తిట్టుకున్నారు. ఆ తొలిరోజు చాలాకాలం ఆ సంస్థకు చెడ్డపేరుగానే నిలిచింది. ఎంత గొప్ప పార్కు కట్టినా ఎండవేళ గుక్కెడు నీళ్లు దొరక్కపోతే జనం గుర్తుంచుకునేది దాహాన్నే.

ఈ సంగతి తెలియని పార్కు యజమానులు ఉండరు. అయినా కొన్ని చోట్ల బయటి తిండి, నీళ్లు గేటు దగ్గరే ఆపుతారు. లోపల సీసా నీళ్లు కొనుక్కోవాలి. ఉచిత నీటి కుళాయి ఏ మూలనో ఉంటుంది, చదువు రాని వాళ్లకు ఆ బోర్డు తెలియదు. సినిమా హాళ్ల విషయంలో 2023 జనవరి 3న సుప్రీంకోర్టు ఒక మాట చెప్పింది. బయటి తిండి వద్దనే హక్కు హాలు యజమానికి ఉన్నా, మంచినీళ్లు మాత్రం ఉచితంగా ఇవ్వాలని, పసిబిడ్డల కోసం తెచ్చుకున్న ఆహారాన్ని అడ్డుకోరాదని స్పష్టం చేసింది. ఆ తీర్పు పార్కుల గురించి ఇచ్చింది కాదు. అయినా మూడు గంటలు చల్లని హాల్లో కూర్చునేవాడికి దక్కిన మర్యాద, రోజంతా ఎండలో తిరిగే పిల్లవాడికి దక్కకపోవడం ఏం న్యాయం?

పార్కుల వాళ్లు చేయవలసినవి పెద్ద ఖర్చుతో కూడిన పనులేమీ కావు. వరుసలు నిలబడే ప్రతి చోటా పైన పందిరి వేయాలి. నూరు అడుగుల దూరంలో కనబడేలా నీళ్ల కుళాయి బొమ్మ పెట్టాలి. మంచినీళ్ల సీసా, ఉప్పు పంచదార పొడి పొట్లం తెచ్చుకున్న వారిని ఆపకూడదు. ప్రథమ చికిత్స గది ఎక్కడున్నదో టిక్కెట్టు మీదే తెలుగులో అచ్చు వేయాలి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట మాత్రమే వచ్చేవారికి తక్కువ ధర టిక్కెట్టు పెడితే, మధ్యాహ్నపు రద్దీ దానంతట అదే తగ్గుతుంది. వడగాడ్పుల హెచ్చరిక వచ్చిన రోజుల్లో ఆరుబయటి ఆటలను మధ్యాహ్నం కొన్ని గంటలు ఆపించే అధికారాన్ని కలెక్టర్లు వినియోగించాలి. ఎండల తీవ్రత చూసి బడులను ఒంటిపూటకు మార్చే ప్రభుత్వం ఈ మాత్రం చేయలేదా?

వెళ్లే వారికి నాలుగు మాటలు

వేసవిలో తప్ప తీరిక దొరకదన్నది రైతు కుటుంబాల వాదన. అది నిజం. దసరాకు పైరు పొలంలో ఉంటుంది. సంక్రాంతికి యాసంగి నాట్లు. అయినా వానాకాలం కోతలు అయ్యాక, డిసెంబరులో ఒక ఆదివారం దొరకకపోదు. ఆ రోజుల్లో ఎండ వెన్నలా ఉంటుంది. బడి తరఫున పిల్లల్ని తీసుకువెళ్లే ఉపాధ్యాయులు కూడా నవంబరు, జనవరి మధ్యనే పెట్టుకోవాలి. వేసవిలోనే పోక తప్పదంటే కనీసం రోహిణి కార్తె వదిలిపెట్టాలి. మే 25 నుంచి జూన్ మొదటి వారం దాకా ఉండే ఆ రెండు వారాలు పసిపిల్లలతో ప్రయాణానికి తగినవి కావు. రెండేళ్లలోపు బిడ్డల్ని ఇంట్లో నాయనమ్మ దగ్గర ఉంచి పోవడమే మేలు.

బయలుదేరేది తెల్లవారుజామున కావాలి. గేటు తెరిచే వేళకు అక్కడ ఉండాలి. పన్నెండు నుంచి మూడున్నర దాకా నీడ పట్టున కూర్చోవాలి. పండుగకు కొన్న నైలాను గౌన్లు, జరీ బట్టలు ఆ రోజు వద్దు. పలచటి నూలు బట్టలు, నెత్తికి తడి తువ్వాల, కాళ్లకు చెప్పులు చాలు. జేబులో ఉల్లిగడ్డ పెట్టుకుంటే వడదెబ్బ తగలదని నమ్మేవారున్నారు. పెట్టుకుంటే పెట్టుకోవచ్చు గాని, అది తాగేనీటికి బదులు కాదు. దాహం వేసినా వేయకపోయినా అరగంటకోసారి పిల్లలకు నీళ్లు పట్టాలి. పలచటి చల్ల, నిమ్మనీళ్లు, జిల్లాలో పుష్కలంగా పండే బత్తాయి రసం మంచివి. గంటలు గడిచినా పిల్లవాడు ఒంటికి పోకపోతే, పోసినా ముదురు పసుపు రంగులో ఉంటే ఒంట్లో నీరు తగ్గినట్టే.

లీటరు మంచినీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపితే ఇంట్లోనే మందు తయారవుతుంది. చెంచా అంటే టీ చెంచా, కొలత సమంగా ఉండాలి. దుకాణాల్లో ఓఆర్ఎస్ అన్న పేరుతో అమ్మిన తీపి పానీయాలన్నీ నిజమైన ఓఆర్ఎస్ కావు. హైదరాబాద్‌కు చెందిన పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడిన మీదట, 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ అటువంటి పానీయాల మీద ఆ పేరు వాడవద్దని ఆదేశించింది. మందుల దుకాణంలో పొట్లం కొనేటప్పుడు, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం చేసినదా అని అడిగి తీసుకోవాలి.

బండి విషయంలో మరో జాగ్రత్త. పదిమంది పట్టే వ్యానులో ఇరవై మందిని కుక్కితే దారిలోనే సగం ఓపిక పోతుంది. నిద్రపోతున్నాడు కదా అని పిల్లవాడిని కారులో ఉంచి తలుపులు వేసి పోవడం ఎంతమాత్రం కూడదు. ఎండలో నిలిపిన కారు లోపల పది నిమిషాల్లోనే వేడి పది డిగ్రీలు పెరుగుతుంది. ఐదు నిమిషాల్లో వస్తామనుకున్న వాళ్లకు ఆలస్యం కావడం ఎంతసేపు?

పిల్లవాడు నీరసంగా తూలినా, మాట తడబడినా, ఒళ్లు కాలిపోతున్నా, ఫిట్స్ వచ్చినా అది వడదెబ్బగానే భావించాలి. వెంటనే నీడకు చేర్చాలి. బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లతో తడిపి, విసరాలి. మెడ దగ్గర, చంకల్లో చల్లని తడిగుడ్డలు పెట్టాలి. తెలివి తప్పిన పిల్లవాడి నోట్లో నీళ్లు పోయకూడదు, పొరబోతుంది. జ్వరం మాత్ర వేస్తే ఈ వేడి తగ్గదు. 108కు ఫోన్ చేయాలి. 2005 ఆగస్టు 15న మొదలైన ఆ అంబులెన్సు సేవ ఇటువంటి వేళ కోసమే ఉన్నది. అంబులెన్సు వచ్చేదాకా తడపడం, విసరడం మానకూడదు.

ఊళ్లో ఏమున్నది?

చివరగా పంచాయతీలు, అధికారులు ఆలోచించవలసిన మాట ఒకటున్నది. నూరు కిలోమీటర్ల దూరం, వేల రూపాయల ఖర్చు, నడి ఎండ అని తెలిసి కూడా జనం పిల్లల్ని పట్నం తీసుకుపోతున్నారంటే ఊళ్లో పిల్లలకు ఆడుకునే చోటు లేకనే. పల్లె ప్రగతి కింద 2020 ప్రాంతంలో గ్రామగ్రామాన పల్లె ప్రకృతి వనాలు పెట్టారు. నాటిన మొక్కలకు నీళ్లు పోసి బతికించిన చోట నేడు అవి నీడనిచ్చే చెట్లయ్యాయి. అటువంటి చోట రెండు ఉయ్యాలలు, ఒక జారుడుబండ, ఒక చేతిపంపు, సాయంత్రం వెలిగే రెండు దీపాలు పెట్టడానికి ఏ పెద్ద పథకమూ అక్కరలేదు. గ్రామసభలో తల్లులు గట్టిగా అడిగితే పంచాయతీ కాదనలేదు. సెలవుల్లో పిల్లలు వ్యవసాయ బావుల్లో, చెరువు గుంతల్లో దిగి మునిగిపోతున్న విషాదాలు ఏటా వింటున్నవే. ఊళ్లో కళ్లెదుట ఆడుకునే చోటు ఉంటే ఆ ముప్పు కూడా కొంత తప్పుతుంది.

పట్నం పార్కు ఏడాదికి ఒకరోజు ముచ్చట. వేసవి సెలవులు మాత్రం ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ 11 దాకా దాదాపు యాభై రోజులు. ఒకరోజు ముచ్చట కోసం ఇంత తపన పడే పెద్దలు, మిగిలిన నలభై తొమ్మిది సాయంత్రాల సంగతి కూడా పట్టించుకోవాలి. ఈసారి గ్రామసభ జరిగినప్పుడు సీసీ రోడ్ల మాటతో పాటు పిల్లల ఉయ్యాల మాట కూడా ఎవరో ఒకరు లేచి అడగాలి.